అద్దె ఎన్ని పైసల వడ్డీ?

(బైపాస్ రోడ్డుకు భూములు కోల్పోయిన రైతులతో మన సంఘం మండల కేంద్రంలో జరిపిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచీ మాట్లాడిన నాయకులు పరిహారం సరిపోలేదని చెప్పారు. అది నిజమే. 2013 భూసేకరణ చట్టం 64వ సెక్షన్ కింద పెట్టిన దరఖాస్తులు నడుస్తాయి, ఆ పోరాటాన్ని సంఘం వదిలిపెట్టదు. మమ్మల్ని మాట్లాడమన్నది మాత్రం వేరే సంగతి. ఎక్కువో తక్కువో ఖాతాలో పడిన ఆ డబ్బును ఏం చేయాలి?

చెక్కు పడ్డ వారంలోపే మన ఊళ్ళోకి ఎవరెవరు వచ్చారో మీకు తెలుసు. ఎరువుల కొరత ఉన్నప్పుడు ఇటు తొంగి చూడని వాళ్ళు కార్లేసుకుని వచ్చారు. ఒకాయన విజయవాడలో ఫ్లాటు అంటాడు, ఇంకొకాయన హైదరాబాదులో రాబోయే టవర్ అంటాడు, మరొకాయన "మీరేం చెయ్యక్కర్లేదు బాబాయ్, నెలనెలా అద్దె మీ ఖాతాలో పడుతుంది" అంటాడు. భూమి పోయిన ఇంట్లో ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో మాకు తెలుసు. రెండు పంటలకు రెండుసార్లు డబ్బు చూసేవాడికి ప్రతి నెలా ఒకటో తారీఖున డబ్బు వస్తుందంటే ఆశ పుట్టకుండా ఉంటుందా? ఆశపడటం తప్పు కాదు. లెక్క వేయకుండా సంతకం పెట్టడమే ప్రమాదం.

ఆ లెక్క మనకు కొత్తది కాదు. రూపాయి వడ్డీ అంటే వందకు నెలకు రూపాయి, ఏడాదికి 12 అని చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. ఇంటి అద్దెను కూడా ఆ భాషలోకే మార్చి చూద్దాం.

ముందు మన కౌలుతో మొదలుపెడదాం. రెండు పంటలు పండే చోట ఎకరానికి 30 బస్తాల కౌలు అనుకుందాం. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తా 1,777 అవుతుంది. 30 బస్తాలకు 53 వేల పైచిలుకు. ఆ ఎకరం ధర 50 లక్షలు అనుకుంటే ఏడాదికి నూటికి ఒక రూపాయి. నెల వడ్డీలో చెప్పాలంటే 9 పైసలు. కౌలు కట్టే రైతుకు అది మోయలేని బరువు, కానీ భూమి కొని కౌలుకిచ్చే పట్నం ఆసామికి అది 9 పైసల వడ్డీ. అయినా ఎందుకు కొంటున్నాడు? ధర పెరుగుతుందని. అంటే అతను కొంటున్నది పంటను కాదు, రేపటి ధరను. ఫ్లాటు కొనేటప్పుడు మనం కూడా అదే పని చేస్తున్నామా లేదా అన్నది చూసుకోవాలి.

ఇప్పుడు విజయవాడ ఫ్లాటు సంగతి. రెండు పడకగదుల ఫ్లాటు 60 లక్షలు అనుకుందాం. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో ఏడున్నర శాతం. అంటే ఇంకో నాలుగున్నర లక్షలు. మొత్తం అరవై నాలుగున్నర లక్షలు. అద్దె 15 వేలు. ఏడాదికి ఒక నెల ఖాళీ ఉంటుందని వేసుకోవాలి. పాత వాళ్ళు వెళ్ళి కొత్త వాళ్ళు వచ్చేలోగా ఖాళీ తప్పదు, పైగా బ్రోకరు కమీషను కూడా ఉంటుంది. 11 నెలలకు 1,65,000. ఇంటి పన్ను, రంగులు, పాడైన మోటారు, కారే కుళాయి అన్నీ కలిపి 25 వేలు తీస్తే చేతికి 1,40,000 మిగులుతుంది. ఏడాదికి నూటికి 2 రూపాయల 17 పైసలు. నెలకు 18 పైసల వడ్డీ.

అదే డబ్బు ఆరున్నర శాతానికి బ్యాంకులో వేస్తే 54 పైసల వడ్డీ. ఏడాదికి 4 లక్షల 19 వేలు వస్తుంది. తేడా 2 లక్షల 79 వేలు. ఒక పిల్లాడి ఇంజనీరింగు ఫీజు, ఇంట్లో ముసలివాళ్ళ మందులు ఆ తేడాలో ఉన్నాయి.

పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకం చూడండి. భార్యాభర్తలు ఉమ్మడిగా 15 లక్షల దాకా వేయొచ్చు. ఇప్పుడున్న 7.4 శాతం వడ్డీకి నెలకు 9,250 రూపాయలు. 15 లక్షలకు 9,250 ఎక్కడ, అరవై నాలుగున్నర లక్షలకు 15 వేలు ఎక్కడ? 60 ఏళ్ళు దాటినవాళ్ళు సీనియర్ సిటిజన్ పథకంలో 30 లక్షల దాకా వేయొచ్చు. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. ఈ రేట్లను ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది గానీ, మీరు చేరిన రోజు రేటు ఐదేళ్ళూ ఉంటుంది. ఈ పథకాల గురించి చెప్పడానికి ఎవరూ కారేసుకుని మన ఊరు రారు. ఎందుకంటే వాటిలో వాళ్ళకు కమీషన్ ఉండదు.

అప్పు చేసి ఫ్లాటు కొనేవాళ్ళకు ఇంకో లెక్క ఉంది. 40 లక్షలు ఎనిమిదిన్నర శాతానికి 20 ఏళ్ళకు తీసుకుంటే నెల వాయిదా 34,700 రూపాయలు. వచ్చే అద్దె 15 వేలు. మిగతా దాదాపు 20 వేలు నెలనెలా ఎక్కణ్ణుంచి తెస్తారు? మన ఆదాయం పంట నూర్చాక వస్తుంది, బ్యాంకువాడి వాయిదా ప్రతి నెలా వస్తుంది. 71 పైసలకు తెచ్చి 18 పైసలకు ఇచ్చే వడ్డీ వ్యాపారిని మన ఊళ్ళో ఏమంటారో మేము చెప్పక్కర్లేదు.

దీనికి జవాబు మాకు తెలుసు: "ధర పెరుగుతుంది కదా!" పెరగొచ్చు. భూమి ధర పెరిగిందని మన తాతల కాలం నుంచీ చూస్తున్నాం. అయితే ఫ్లాటులో మీకు వచ్చే భూమి ఎంత? అపార్టుమెంటు స్థలంలో విడదీయని వాటా, 40 గజాలో 50 గజాలో. పెరిగేది ఆ 40 గజాల ధర. దాని మీదున్న గోడలకు, లిఫ్టుకు, పైపులకు మాత్రం ఏటేటా వయసు మీద పడుతుంది.

ఇక ధర పెరుగుతుందన్న మాట మీద బతకడం ఎలా ఉంటుందో అమరావతి రైతులను అడగండి. 2015లో 29 గ్రామాల రైతులు 30 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ కింద ఇచ్చారు. మెట్టకు ఎకరానికి ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలు కౌలు, దాంతోపాటు అభివృద్ధి చేసిన ప్లాట్లు ఇస్తామన్నది ఒప్పందం. 2016లో వెలగపూడికి సచివాలయం వచ్చాక చుట్టుపక్కల ఊళ్ళలో ఉద్యోగుల కోసం, పనివాళ్ళ కోసం గదులు, పోర్షన్లు లేచాయి. 2019లో ప్రభుత్వం మారి పనులు నిలిచిపోయాయి. ఆ డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. అద్దెకుండేవాళ్ళు తగ్గిపోయారు, భూమి ధరలు పడిపోయాయి. 2024 తర్వాత మళ్ళీ కదలిక వచ్చింది, నిజమే. కానీ మధ్యలో ఆ అయిదేళ్ళు ఇల్లు గడవాలి కదా? ఏ పార్టీ తప్పు అన్న చర్చ ఇక్కడ మా పని కాదు. మన అద్దె ఒక్క ప్రభుత్వ నిర్ణయం మీద వేలాడితే మనకు నిద్ర ఉండదని మాత్రం చెబుతున్నాం.

ఇంతకీ అద్దె ఇల్లే వద్దంటున్నామా? కాదు. బ్యాంకు వడ్డీకి కూడా ఒక లోపం ఉంది. ఈ రోజు వచ్చే 9,250 అయిదేళ్ళ తర్వాత కూడా 9,250. ఈలోగా బియ్యం, గ్యాసు, బడి ఫీజు పెరుగుతాయి. అద్దె అలా కాదు, నెమ్మదిగా అయినా పెరుగుతుంది. కాబట్టి కొంత భాగం అద్దె వచ్చే కట్టడంలో పెట్టడంలో అర్థం ఉంది. ఎంత పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నదే ప్రశ్న.

మా అభిప్రాయం ఏమిటంటే, మీరు బస్సెక్కి గంటలో వెళ్ళి రాగలిగిన చోటే పెట్టండి. మండల కేంద్రంలోనో, పక్క టౌనులోనో మీకు నాలుగు సెంట్ల స్థలం ఉందనుకుందాం. కింద రెండు, పైన రెండు, మొత్తం నాలుగు పోర్షన్లు, 2,400 చదరపు అడుగులు. అడుగుకు 1,900 చొప్పున 45 లక్షల 60 వేలు. ఒక్కో పోర్షనుకు ఆరున్నర వేల అద్దె అయితే నెలకు 26 వేలు. ఒక నెల ఖాళీ తీసేసి, ఖర్చులకు 40 వేలు తీసేస్తే 2 లక్షల 46 వేలు మిగులుతుంది. అది 45 పైసల వడ్డీ. స్థలం ఖరీదు 15 లక్షలు కలుపుకుంటే 34 పైసలకు దిగుతుంది. అయినా ఫ్లాటుకు దాదాపు రెట్టింపు. పైగా కింద నేల మొత్తం మీదే. నాలుగు కుటుంబాల్లో ఒకరు ఖాళీ చేసినా ముగ్గురి అద్దె వస్తుంది, ఫ్లాటు ఖాళీ అయితే ఆ నెల సున్నా.

ఈ అంకెలన్నీ ఉదాహరణకే. మీ టౌనులో అద్దెలు మీరే విచారించండి. అమ్మేవాడిని అడిగితే లాభం లేదు. ఆ వీధిలో అద్దెకున్న ఇద్దరు ముగ్గురిని అడగండి. ఎంత కడుతున్నారు, ముందు ఇంట్లో ఎందుకు ఖాళీ చేశారు, నీళ్ళు వస్తాయా, వర్షానికి వీధిలో నీళ్ళు నిలుస్తాయా. పొలం కొనేముందు పక్క పొలం రైతును అడుగుతాం కదా, అలాగే ఇదీను. టులెట్ బోర్డులు లెక్కపెట్టండి. ఒకే వీధిలో ఆరు బోర్డులుంటే ఏడో ఇల్లు మీరు కట్టొద్దు.

ఎవరిని నమ్ముకుని కడుతున్నామో కూడా చూసుకోవాలి. ఒక్క కాలేజీ పిల్లలను నమ్ముకుని గదులు కట్టినవాళ్ళు 2020 మార్చిలో కరోనాకు కాలేజీలు మూతపడ్డప్పుడు తాళాలేసుకుని కూర్చున్నారు. ఆసుపత్రి, బస్టాండు, స్కూళ్ళు, మిల్లులు ఇలా నాలుగు రకాల జనం ఉన్న చోట ఒకటి ఆగినా ఇంకొకటి ఆదుకుంటుంది. దుకాణాల విషయంలో మరీ జాగ్రత్త. పాత బస్టాండు సెంటర్లో షాపు కొందామని మనవాళ్ళు కొందరు బేరాలాడుతున్నారు. మన పొలాలు తీసుకుని వేస్తున్న ఆ బైపాస్ పూర్తయితే లారీలు, దూరపు బస్సులు ఊళ్ళోకి రావు. టీ కొట్టు, టైరు షాపు, మెకానిక్కు బైపాస్ జంక్షనుకు తరలిపోతారు. మన భూమిని మింగిన రోడ్డే మన అద్దెను కూడా మింగకుండా చూసుకోండి.

కట్టుబడి మొదలుపెడితే మేస్త్రి చెప్పిన అంచనాకు పైన నాలుగో వంతు డబ్బు విడిగా ఉంచుకోండి. శ్లాబు వేసి డబ్బు లేక ఆగిపోయిన ఇళ్ళు ప్రతి ఊళ్ళో కనిపిస్తున్నాయి. ఆగిపోయిన ఇంటికి అద్దె రాదు, అప్పుకు వడ్డీ మాత్రం ఆగదు.

ఇక ఆ కార్లవాళ్ళు చెప్పే ప్రీ లాంచ్ సంగతి. ఇప్పుడు డబ్బు మొత్తం కడితే సగం ధరకు ఇస్తాం, కట్టడం పూర్తయ్యేదాకా నెలనెలా అద్దె కూడా ఇస్తాం అంటారు. ఇల్లే లేనప్పుడు అద్దె ఎవరు కడుతున్నారు? మీరు కట్టిన డబ్బులోంచే తీసి మీకిస్తున్నాడు. కొత్తవాళ్ళు కట్టడం ఆగిన రోజు మీకు రావడమూ ఆగుతుంది. అగ్రిగోల్డ్ డిపాజిటర్లు ఏళ్ళ తరబడి రోడ్ల మీద ధర్నాలు చేయడం మనం కళ్ళారా చూశాం. వాళ్ళలో ఎక్కువమంది మనలాంటి కుటుంబాలవాళ్ళే.

2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించి ఫ్లాట్లు గానీ కట్టేవాడు రెరాలో నమోదు కాకుండా అమ్మకానికి ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొనేవాళ్ళ దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ కట్టడానికే వాడాలి. చెప్పిన సమయానికి ఇవ్వకపోతే వడ్డీతో వెనక్కి అడిగే హక్కు మీకుంది. నంబరు అడగండి. "వస్తుంది, ప్రాసెస్‌లో ఉంది" అన్నాడంటే మజ్జిగిచ్చి పంపించేయండి.

కాగితాల గురించి రెండు మాటలు. జీపీఏ మీద అమ్మితే హక్కు బదిలీ కాదని 2011లోనే సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. తక్కువకొస్తుందని నోటరీ కాగితం మీద కొనొద్దు. ఈసీ 30 ఏళ్ళకు తీయించండి, లింకు డాక్యుమెంట్లన్నీ చూడండి, ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. అసైన్డ్ భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి కలిపేసి వేసిన లేఅవుట్లకు కొదవ లేదు. మన పొలం విషయంలో సెంటు తేడా వస్తే ఏడాదిపాటు మండలాఫీసు చుట్టూ తిరిగే మనం, పట్నంలో 60 లక్షల ఆస్తిని రంగుల బ్రోచరు చూసి కొనడమేమిటి?

మనవాళ్ళు బొత్తిగా ఆలోచించనిది ఇంకొకటి ఉంది. 2013 చట్టం 96వ సెక్షన్ ప్రకారం పరిహారం మీద ఆదాయపు పన్ను లేదు. కానీ దాని మీద వచ్చే వడ్డీకి, అద్దెకు ఆ మినహాయింపు వర్తించదు, అది వ్యవసాయ ఆదాయం కాదు. ముందటి ఏడాది ఆదాయపు పన్ను కట్టినవాళ్ళకు పీఎం కిసాన్ రాదు. అలాగే మన రాష్ట్రంలో పింఛను, రేషను కార్డు అర్హతల్లో పట్టణంలో వెయ్యి చదరపు అడుగులు మించిన ఇల్లు ఉండకూడదని, నెలకు సగటున 300 యూనిట్లు మించి కరెంటు వాడకూడదని నిబంధనలు పెట్టారు. నాలుగు పోర్షన్ల మీటర్లూ ఇంటాయన ఆధార్‌కే కలిపి ఉంటే అద్దెకున్నవాళ్ళు వాడిన కరెంటు కూడా ఆయన లెక్కలో పడుతుంది. ఇలా ఇంట్లో అవ్వ పింఛను ఆగిపోయిందని సచివాలయాల చుట్టూ తిరిగిన వాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ నిబంధన అన్యాయమని మన సంఘం అంటూనే ఉంది. అయినా కొనేముందు, కట్టేముందు మీ సచివాలయంలో ఇప్పటి నిబంధన ఏమిటో కనుక్కోండి.

అద్దెకిచ్చేటప్పుడు ఎలా ఉండాలో కూడా ఈ వేదిక మీద చెప్పాలి. కౌలు రైతుకు గుర్తింపు కార్డు రావడానికి భూయజమాని సంతకం పెట్టడం లేదని మనం ఎన్ని ధర్నాలు చేశాం! 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో ఒప్పందం 11 నెలలకే పరిమితం. అయినా భూమి పోతుందని భయపడి కాగితం రాయరు. రేపు మన ఇంట్లో అద్దెకుండేవాడికి మనం కూడా కాగితం రాయకుండా, రశీదు ఇవ్వకుండా, అడ్వాన్సు తిరిగివ్వకుండా ఉంటే ఆ భూయజమానికీ మనకూ తేడా ఏముంది? పదకొండు నెలల ఒప్పందం రాయండి, అద్దె ఎంత పెంచుతారో ముందే అందులో పెట్టండి. ఇంకొకటి, టులెట్ బోర్డు పెట్టి, వచ్చినవాడిని ముందు "మీరెవరు?" అని కులం అడిగే అలవాటు మన టౌన్లలో ఉంది. సంఘం సభ్యత్వం ఉన్నవాళ్ళ ఇంటి గుమ్మం దగ్గర ఆ ప్రశ్న వినపడకూడదు. ఇది సలహాగా చెప్పడం లేదు, సంఘం మాటగా చెబుతున్నాం.

ఎంత పెట్టాలన్న ప్రశ్నకు వద్దాం. చేతికి 80 లక్షలు వచ్చాయనుకోండి. మొట్టమొదట రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పులు తీర్చేయండి. రెండు రూపాయల అప్పు తీర్చడానికి మించిన రాబడినిచ్చే ఇల్లు దేశంలో ఎక్కడా లేదు. తర్వాత, భూమి పోయి తగ్గిన ఆదాయం నెలకు ఎంతో చూసుకుని అంత వడ్డీ వచ్చేలా పోస్టాఫీసులోనో, బ్యాంకులోనో వేయండి. ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల దాకే బీమా ఉంటుంది, అందుకని రెండు మూడు బ్యాంకుల్లో పంచండి. ఆ పైన మిగిలినదాంట్లోంచే అద్దె ఇంటి ఆలోచన. సగానికి మించి దాంట్లో పెట్టొద్దని మా సలహా. ఇంకా సాగు చేయగల ఒళ్ళు, పనికొచ్చే కొడుకో కూతురో ఉంటే లోపలి ఊళ్ళలో చవగ్గా ఎకరం దొరుకుతుందేమో కూడా చూడండి. సొంతంగా దున్నేవాడికి పై 9 పైసల లెక్క వర్తించదు. కానీ మిగిలిన రెండెకరాలు కూడా అమ్మేసి అద్దెల మీద బతుకుదామనుకునే వాళ్ళు మాత్రం ఒక్కసారి ఆగి మా దగ్గరికి రండి.

పట్టాదారు పేరు మగవాళ్ళది కాబట్టి చెక్కు వాళ్ళ పేరునే వచ్చింది. నాట్లేసి, కలుపు తీసి ఆ పొలాన్ని నిలబెట్టిన ఆడవాళ్ళను అడగకుండా ఆ డబ్బు ఖర్చు పెట్టకండి. డిపాజిట్లు, రిజిస్ట్రేషన్లు ఇద్దరి పేరునా పెట్టించండి. ఈ సమావేశానికి వచ్చిన అక్కలు, చెల్లెళ్ళు ఇంటికి వెళ్ళాక ఇదే మాట గట్టిగా అడగాలి.

ఎవరైనా ఇల్లో స్థలమో బేరం చేస్తుంటే అడ్వాన్సు ఇవ్వకముందే కాగితాలు పట్టుకుని సంఘం ఆఫీసుకు రండి. ప్రతి రెండో శనివారం మధ్యాహ్నం మన లాయరు ఉంటారు. పక్కన కూర్చుని ఎన్ని పైసల వడ్డీ అవుతుందో లెక్క వేసిపెట్టే పని మేము చేస్తాం. జిరాక్సులు మాత్రమే తెండి. అసలు పత్రాలు ఎవరికీ ఇవ్వొద్దు, మాకు కూడా.